సూత్రం సరే, బంతి వెనక్కి తిరిగింది కదా!

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పెందుర్తి. మా పాప తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ బాగానే ఉండేది. ఫిజిక్స్‌లో చలనం పాఠం మొదలైనప్పటి నుంచి మాత్రం దూరం లెక్క కనిపిస్తే చాలు, టెన్షన్ పడిపోతోంది. మొన్న యూనిట్ టెస్టులో 'సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు. 3 సెకన్లలో అది ప్రయాణించిన దూరం ఎంత?' అని అడిగారు. గురుత్వ త్వరణం 10 తీసుకోమన్నారు. పాప సూత్రం రాసి, విలువలు వేసి, 15 మీటర్లు అని రాసింది. టీచర్ కొట్టేసి పక్కన 25 అని రాశారు. 'సూత్రం తప్పు కాదు, లెక్క తప్పు కాదు, నాలుగుసార్లు చేసినా 15 వస్తోంది, మరి తప్పెక్కడ?' అని రాత్రి ఒకటే ఏడుపు. ఇంకో గొడవ కూడా ఉంది. కిందటేడు మేమంతా సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాం. 'అంత నడిచినా మన స్థానభ్రంశం సున్నాయేనట. నాన్న ఆటో పొద్దున్న బయల్దేరి రాత్రికి ఇంటికొస్తే అదీ సున్నాయేనట. మరి పోయించిన పెట్రోలంతా ఎక్కడికి పోయింది?' అని నన్ను నిలదీస్తోంది. నేను ఇంటర్‌లో సీఈసీ. నాకేం తెలుస్తుంది? ట్యూషన్ పెట్టించాలా? ఇంట్లో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు:

అమ్మా,

ముందుగా పాపతో ఒక మాట చెప్పండి. ఆ 15 గాల్లోంచి ఊడిపడలేదు. ఆ బంతి విషయంలో 15 మీటర్లూ నిజమే, 25 మీటర్లూ నిజమే. పేపర్లో అడిగినదానికి జవాబు మాత్రం 25. కాబట్టి టీచరుగారు దిద్దింది సరిగ్గానే దిద్దారు. రెండూ ఎలా నిజమవుతాయో చూడాలంటే నోట్సు మూసేసి, ఓ సుద్దముక్క తీసుకుని గోడ దగ్గరకు రండి. మీరు కూడా రావాలి. ఇందులో సీఈసీకి అందనిది ఏమీ లేదు.

గోడ మీద కింద ఒక అడ్డగీత గీయించండి. అది నేల. ఒక జాన అంటే 5 మీటర్లు అనుకుందాం. బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో బయల్దేరింది. భూమి దాన్ని కిందికి లాగుతుంది కాబట్టి ప్రతి సెకనుకూ 10 చొప్పున వేగం తగ్గుతూ పోతుంది. మొదటి సెకను చివర వేగం 10. అంటే ఆ సెకనులో 20తో మొదలై 10కి తగ్గింది. తగ్గడం ఒకే తీరుగా ఉంది కాబట్టి మధ్యస్థంగా 15 అనుకోవచ్చు. అలా మొదటి సెకనులో 15 మీటర్లు ఎక్కింది. గోడ మీద మూడు జానలు కొలిచి గీత గీయమనండి. రెండో సెకనులో వేగం 10 నుంచి సున్నాకు వచ్చింది. మధ్యస్థం 5. ఇంకో జాన. ఇప్పటికి నాలుగు జానలు, 20 మీటర్ల ఎత్తు. బంతి అక్కడ ఆగిపోయింది. ఆగి, వెనక్కి తిరిగింది.

మూడో సెకను ఇక్కడే మొదలవుతుంది. ఇప్పుడు వేగం సున్నా నుంచి 10కి పెరుగుతుంది, కాకపోతే కిందికి. ఒక జాన కిందికి దిగింది. ఈ గీతను పై గీత మీదే కాకుండా కాస్త పక్కగా గీయించండి. లేదంటే ఒకదాని మీద ఒకటి పడి కనబడదు. ఆ కనబడకపోవడంలోనే మీ పాప 10 మీటర్లు పోగొట్టుకుంది.

ఇక చేత్తో కొలవమనండి. బంతి నడిచిన గీత మొత్తం ఎన్ని జానలు? మూడు, ఒకటి, మళ్లీ ఒకటి. ఐదు జానలు, 25 మీటర్లు. అది దూరం. ఇప్పుడు బంతి నేల నుంచి ఎన్ని జానల ఎత్తున ఉంది? మూడు. 15 మీటర్లు. అది స్థానభ్రంశం. పాప రాసింది రెండోది.

మరి సూత్రం వాడితే దూరం రావాలి కదా అని అడుగుతుంది, చూడండి. చిక్కంతా అక్కడే ఉంది. 'ఎస్ ఈక్వల్టు యుటి ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్' (యు తొలి వేగం, టి కాలం, ఏ త్వరణం) అని తరగతి గదుల్లో ఎక్కాల్లా అప్పజెప్పిస్తాం. 'ఎస్ అంటే ఏంట్రా?' అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో 'దూరం సార్!' అంటారు. అది అర్ధసత్యం. ఎస్ అంటే స్థానభ్రంశం. వస్తువు ఒకే దిక్కున, వెనక్కి తిరగకుండా సాగుతున్నంతసేపూ రెండూ ఒకటే అంకె కాబట్టి ఆ అర్ధసత్యంతో బండి నడిచిపోతుంది. పుస్తకంలో మొదటి పది లెక్కలూ అలాంటివే ఉంటాయి. కారు బయల్దేరింది, వేగం పుంజుకుంది, ఎంత దూరం పోయింది? సూత్రం వేస్తే వస్తుంది. పదకొండో లెక్కలో బంతి పైకి వెళ్లి తిరుగుతుంది. ఆ తిరిగిన సంగతి సూత్రం మనకు చెప్పదు. మూడు సెకన్ల తర్వాత బంతి ఎక్కడుందో చెప్పి ఊరుకుంటుంది. మధ్యలో ఎంత తిరిగిందో మనమే చూసుకోవాలి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకో సొంత కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి లెక్కకే ఒక కుర్రాడు 25 అని రాస్తే, నా చేతిలోని గైడులో 15 అని ఉంది కాబట్టి అడ్డంగా కొట్టేశాను. వాడు లెక్క ముక్కలు ముక్కలుగా చేశాడు, సూత్రం కూడా సరిగ్గా రాయలేదు. 'స్టెప్పులు లేవు' అని పైగా ఒక చీవాటు. రెండేళ్ల తర్వాత ప్రశ్నపత్రం తయారుచేస్తూ బొమ్మ గీసుకున్నప్పుడు గానీ నా తప్పు నాకు తెలియలేదు. అప్పటికి వాడు బడి వదిలి వెళ్లిపోయాడు. మీ పాపకు దిద్దిన టీచరుగారికి నా తరఫున ఓ నమస్కారం పెట్టమనండి. అప్పట్లో నాకన్నా ఆవిడే నయం.

కాబట్టి ఏ దూరం లెక్కకైనా పాప మొదట వేసుకోవాల్సిన ప్రశ్న 'ఏ సూత్రం?' అని కాదు. 'ఇది ఎక్కడైనా వెనక్కి తిరిగిందా, మలుపు తీసుకుందా, వడి మార్చుకుందా?' అని. అలాంటి చోటల్లా దారిని కోసేయాలి. ఒక్కో ముక్కకూ విడిగా లెక్క వేయాలి. ఆఖర్న ముక్కలన్నీ కలపాలి. దూరంలో తీసివేత ఉండదు. బంతి పైకి పోయినా, కిందికి వచ్చినా అది నడిచిన దారి పెరగడమే తప్ప తరగడం ఉండదు. ఎప్పుడైనా దూరం తగ్గినట్టు జవాబు వస్తే అక్కడ స్థానభ్రంశం దూరిందన్నమాట.

ఇక మీ గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక మీదుగా, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ దగ్గరకే వస్తారు. మొదలైన చోటికే వచ్చారు కాబట్టి స్థానభ్రంశం సున్నా. దూరం 32 కిలోమీటర్లు. మర్నాడు పిక్కలు పట్టేసేది 32 వల్లే.

'స్థానభ్రంశం' అనే మాట పిల్లల్ని భయపెడుతుంది గానీ, విడదీస్తే సులువు. ఉన్న స్థానం నుంచి ఎంత జరిగాం, ఎటు జరిగాం అని. మధ్యలో ఏ సందులు తిరిగామో దానికి అక్కర్లేదు. మొదటి చోటి నుంచి చివరి చోటికి తాడు బిగించి పట్టుకుంటే ఎంత పొడవో అంత, ఏ దిక్కున ఉందో ఆ దిక్కు. అందుకే దాన్ని సదిశ అంటారు. దూరానికి దిక్కుతో పనిలేదు, అది అదిశ.

పాపను ఇక్కడ ఓ ప్రశ్న అడగండి. ప్రదక్షిణ సగం అయ్యేసరికి స్థానభ్రంశం ఎంత? చాలామంది పిల్లలు అప్పుడూ సున్నాయే అంటారు, లేదా 16 అంటారు. దారి చక్కగా గుండ్రంగా ఉందనుకుందాం. నిజానికి లేదు, లెక్క కోసం అనుకుందాం. చుట్టుకొలత 32 అయితే వ్యాసం 32ను 3.14తో భాగించినంత, అంటే 10 కిలోమీటర్ల పైచిలుకు. 16 కిలోమీటర్లు నడిచినా బయల్దేరిన చోటికి తిన్నగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారు. మధ్యలో కొండ అడ్డం, అది వేరే సంగతి. అక్కడి నుంచి నడిచేకొద్దీ దూరం పెరుగుతుంది, స్థానభ్రంశం తరుగుతుంది. ఆఖరుకు ఒకటి 32, రెండోది సున్నా.

పెట్రోలు సంగతి కూడా దీంతోనే తేలిపోతుంది. ఇంజను చక్రాలను తిప్పుతుంది, చక్రాలు రోడ్డు మీద దొర్లుతాయి. పెట్రోలు ఖర్చయ్యేది దొర్లిన దారికి. రాత్రికి ఆటో ఎక్కడ ఆగిందన్నది టాంకుకు తెలియదు. మీ ఆయన సంపాదన కూడా దూరం మీదే కదా. స్థానభ్రంశం మీద కిరాయి ఇస్తానని ఎవరైనా రాను పోను మాట్లాడుకుంటే సాయంత్రానికి పైసా రాదు. (ఈ మాట పాపకు చెప్పండి, నవ్వుతుంది. నవ్వితే గుర్తుంటుంది.)

ఆటోలో మీటరు దూరాన్ని ఎలా కొలుస్తుందో కూడా చూపించండి. దానికి రోడ్డు కనబడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది, అంతే. ఇంట్లో సైకిలు ఉంటే టైరు మీద ఒకచోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తు నేలను తాకిన చోట గీత గీసి, చక్రం ఒక్క చుట్టు తిరిగి మళ్లీ గుర్తు నేలను తాకేదాకా నడిపించండి. రెండు గీతల మధ్య దూరం టేపుతో కొలిస్తే పెద్దవాళ్ల సైకిలుకు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ వస్తుంది. ఇంటి నుంచి బడి దాకా సైకిలు నెట్టుకుంటూ చుట్లు లెక్కపెడితే దూరం తెలిసిపోతుంది. మీటరు చేసే పని ఇదే. టైరు అరిగిపోతే చుట్టుకొలత తగ్గి, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు మాత్రం పాత కొలతతోనే లెక్కేస్తుంది. మరి అరిగిన టైరు ఆటోలో మీటరు ఎక్కువ చూపిస్తుందా, తక్కువా? ఈ ప్రశ్న పాపను కాదు, మీ ఆయన్ను అడగండి.

వంకర దారిని పటం మీద కొలవాలన్నా ఇలాంటి ఉపాయమే. మల్లెపూలు కట్టే దారం తీసుకుని పటంలోని రోడ్డు వంపుల వెంట పరచండి. తర్వాత దారాన్ని చాపి స్కేలు మీద పెట్టండి. పటం కింద సెంటీమీటరుకు ఎన్ని కిలోమీటర్లో రాసి ఉంటుంది, దాంతో గుణించండి. అవే రెండు ఊళ్ల మధ్య స్కేలు తిన్నగా పెడితే స్థానభ్రంశం వస్తుంది. అరకు ఘాట్ రోడ్డు మీద ఇది చేసి చూస్తే తేడా కళ్లకు కడుతుంది.

ఇప్పుడు అసలు లెక్కల సంగతి. 'దూరం = వడి × కాలం' అన్నది అందరికీ వచ్చు. వాడుక భాషలో మనం దాన్ని ఎప్పటి నుంచో వాడుతున్నాం కూడా. 'మీ ఊరు ఎంత దూరం?' అంటే 'అరగంట నడక' అంటాం. మనిషి నడక వడి అందరికీ తెలిసిందే కాబట్టి కాలం చెబితే దూరం చెప్పినట్టే. 'కూతవేటు దూరం' అంటే కేక వినబడేంత మేర. ఇప్పుడైతే మీటరు నిర్వచనమే అలా ఉంది. 1983 నుంచి ఒక మీటరు అంటే శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయేంత దూరం. కాలం చెప్పి దూరం చెప్పడమే అదీ.

ఈ సూత్రంలో పిల్లలు పడే గోతులు రెండు. మొదటిది ప్రమాణాలు. 'గంటకు 40 కిలోమీటర్ల వడితో 15 నిమిషాలు' అనగానే 40ని 15తో గుణించి 600 అని రాసేస్తారు. విశాఖలో బయల్దేరి 15 నిమిషాల్లో దాదాపు హైదరాబాద్ పొలిమేరకు చేరినట్టు! వడి గంటల్లో ఉంటే కాలమూ గంటల్లోనే ఉండాలి. 15 నిమిషాలు పావుగంట, 40లో పావు 10 కిలోమీటర్లు. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడానికి 5/18తో గుణించాలని బడిలో చెప్పే ఉంటారు. అంతకన్నా 'గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు 10 మీటర్లు' అనే ఒక్క జత గుర్తుపెట్టుకుంటే మేలు. 18 అయితే 5, 72 అయితే 20, 54 అయితే 15. అన్నీ దాన్నుంచే వచ్చేస్తాయి.

రెండోది మొదటిదానికన్నా లోతైన గొయ్యి. సూత్రంలో 'వడి' అంటే దారంతా ఒకే వడి అని. ఏ ఆటో అలా పోతుంది? అందుకే ఓ ఆదివారం పొద్దున్న, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పాపను వాళ్ల నాన్న ఆటోలో వెనక సీట్లో కూర్చోబెట్టండి. మీరు పక్కన కూర్చుని ఫోనులో సెకన్లు చూస్తూ పది సెకన్లకోసారి 'ఊ' అనండి. పాప మీటరులో వడి చూసి రాసుకోవాలి. నడిపే ఆయన మాత్రం రోడ్డు మీదే కళ్లు పెట్టాలి.

ఇలాంటి అంకెలు వచ్చాయనుకుందాం: మొదట 0, పది సెకన్లకు 18, ఇరవైకి 36, ముప్పైకి 36, నలభైకి 36, యాభైకి ఆగింది, 0. వీటిని సెకనుకు మీటర్లలోకి మారిస్తే 0, 5, 10, 10, 10, 0. ఇప్పుడు ముక్కలు కోయండి. మొదటి పది సెకన్లలో 0 నుంచి 5కి పెరిగింది, మధ్యస్థం రెండున్నర, పది సెకన్లకు 25 మీటర్లు. రెండో ముక్కలో 5 నుంచి 10కి, మధ్యస్థం ఏడున్నర, 75 మీటర్లు. తర్వాతి రెండు ముక్కలు 100, 100. చివరిది 10 నుంచి సున్నాకు, మధ్యస్థం 5, 50 మీటర్లు. మొత్తం 350 మీటర్లు. ఆటో మీటరులో దూరం కూడా మూడు, నాలుగు పాయింట్ల (పాయింటు అంటే 100 మీటర్లు) మధ్య మారి ఉంటుంది.

ఇదే గ్రాఫు కాగితం మీద వేయమనండి. అడ్డంగా కాలం, నిలువుగా వడి. గీత ఎక్కుతుంది, కాసేపు సమంగా సాగుతుంది, దిగుతుంది. గుడారం పైకప్పులా ఉంటుంది. ఆ గీతకూ అడుగు గీతకూ మధ్య ఉన్న చోటంతా రంగు వేసి, గళ్లు లెక్కపెట్టమనండి. ఒక గడి అడ్డంగా 10 సెకన్లు, నిలువుగా సెకనుకు 5 మీటర్లు అయితే, గడికి 50 మీటర్లు. ఏడు గళ్లు వస్తాయి. సగం గళ్లు, ముప్పాతిక గళ్లు కూడా కలుపుకోవాలి. ఏడు యాభైలు 350.

పాఠంలో 'వేగం–కాలం గ్రాఫు కింది వైశాల్యం దూరాన్ని ఇస్తుంది' అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతారు. వైశాల్యమేమిటి, దూరమేమిటి, ఒకటి పొలానికి సంబంధించింది, ఒకటి రోడ్డుకు సంబంధించింది అని పిల్లలు తికమకపడతారు. గడి నిలువు వైపు వడి, అడ్డం వైపు కాలం. రెంటినీ గుణిస్తే దూరమే కదా వచ్చేది! ఒక్కో గడీ ఒక్కో దూరం ముక్క. ఇది ఒకసారి తగిలిందంటే ఆ 'హాఫ్ ఏటీ స్క్వేర్' ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసిపోతుంది. వడి సున్నా నుంచి ఒకే తీరున పెరిగితే గ్రాఫు త్రికోణం. త్రికోణ వైశాల్యం సూత్రంలో 'సగం' ఉంటుంది. ఆ సగమే ఈ 'హాఫ్'. ఇంటర్‌లో సమాకలనం అనే పెద్ద పేరుతో వచ్చేది కూడా గళ్లు లెక్కపెట్టడమే, గళ్లు మరీ చిన్నవి, అంతే తేడా.

కింద పడే వస్తువు విషయంలో ఇదే లెక్క చేస్తే ఓ చిత్రం కనిపిస్తుంది. మొదటి సెకనులో 5 మీటర్లు, రెండోదానిలో 15, మూడోదానిలో 25, నాలుగోదానిలో 35. ఐదుతో భాగిస్తే 1, 3, 5, 7. బేసి సంఖ్యల వరుస! సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో గెలీలియో దీన్ని పట్టుకున్నాడు. తిన్నగా కింద పడే వస్తువు మరీ తొందరగా పడిపోతుంది, అప్పట్లో దాన్ని కొలిచేంత కచ్చితమైన గడియారాలు అందుబాటులో లేవు. అందుకని వాలు పలక మీద గుండ్లను దొర్లించి, పాత్రలోంచి సన్నగా కారే నీటిని తూచి కాలం కొలిచాడు. మీ గోడ మీద గీతలు మళ్లీ చూడండి. మూడు జానలు, ఒక జాన, ఒక జాన. నాలుగో సెకను కూడా గీస్తే మళ్లీ మూడు జానలు దిగి బంతి నేలకు చేరుతుంది. పైకి వెళ్లేటప్పుడు అదే వరుస తిరగబడింది.

సరాసరి వడి గురించి మీరు అడగలేదు గానీ, తర్వాతి టెస్టులో అదే వస్తుంది కాబట్టి రెండు మాటలు. కొండ మీదికి 60 కిలోమీటర్లు గంటకు 30 చొప్పున ఎక్కి, అదే దారిన గంటకు 60 చొప్పున దిగితే సరాసరి వడి 45 కాదు. ఎక్కడానికి 2 గంటలు, దిగడానికి 1 గంట. 120 కిలోమీటర్లకు 3 గంటలు. 40. నెమ్మదిగా పోయినప్పుడు ఎక్కువసేపు పోయాం కదా, అందుకే ఆ వైపుకు మొగ్గుతుంది. వడులను కలిపి రెండుతో భాగించకూడదు. దూరాలను కలపాలి, కాలాలను కలపాలి, అప్పుడు భాగించాలి. గోడ మీద బంతికి మధ్యస్థం తీసుకున్నాం కదా అని పాప అడిగితే మెచ్చుకోండి, మంచి ప్రశ్న. అక్కడ వడి ప్రతి సెకనుకూ ఒకే తీరుగా మారుతోంది, అందుకని చెల్లింది. ఇక్కడ అలా కాదు.

ఎప్పుడైనా రాజమండ్రి వైపు రైల్లో వెళితే గోదావరి మీద ఇంకో లెక్క ఉంది. ఆర్చి వంతెన సుమారు 2.7 కిలోమీటర్లు. రైలు పొడవు 600 మీటర్లు అనుకుందాం. రైలు వంతెన దాటడానికి ఎంత దూరం పోవాలి? 2,700 అని రాస్తే సున్నా మార్కులు. ఇంజను వంతెన దాటేసినా వెనక పెట్టెలు ఇంకా నీళ్ల మీదే ఉంటాయి. 2,700కు 600 కలిపి 3,300 మీటర్లు. గంటకు 54 వడితో, అంటే సెకనుకు 15 మీటర్లతో పోతే 220 సెకన్లు. కిటికీ పక్కన కూర్చున్న మీ పాపకు మాత్రం వంతెన 2,700 మీటర్లే. గోదారమ్మకు దండం పెట్టి చిల్లర వేసేది ఆ 180 సెకన్లలోనే. ఎవరి దూరం అడుగుతున్నారో చూసుకోకపోతే చేసిన లెక్కంతా వృథా.

ఇంకొకటి మీ ఆయన కూడా వింటే బాగుంటుంది. బ్రేకు లెక్క. గంటకు 36 వడిలో పోతుండగా ఎదురుగా గేదె అడ్డం వచ్చింది. చూసి కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఆ సెకనులో బండి 10 మీటర్లు పోయింది. బ్రేకు పడ్డాక సెకనుకు 5 చొప్పున వడి తగ్గితే ఆగడానికి 2 సెకన్లు, సగటు 5, ఇంకో 10 మీటర్లు. మొత్తం 20. అదే వడి రెట్టింపై 72 అయితే? కాలు పడేలోపు 20. బ్రేకు పడ్డాక 4 సెకన్లు, సగటు 10, 40 మీటర్లు. మొత్తం 60. వడి రెండింతలైతే ఆగే దూరం మూడింతలైంది. బ్రేకు పడ్డాక పోయిన దూరం ఒక్కటే చూస్తే నాలుగింతలు. హైవే మీద బైకులో పోయే కుర్రాళ్లందరి చేతా ఈ లెక్క చేయించాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

ట్యూషన్ విషయానికొస్తే, అక్కర్లేదు. లెక్క నాలుగుసార్లు చేసినా ఒకే జవాబు వచ్చిందంటే చేయడం దానికి వచ్చు. అడిగింది చదవడంలో తేడా వచ్చింది. ట్యూషన్లో ఇంకో వంద లెక్కలు అదే సూత్రంతో చేయిస్తారు, ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. దాని బదులు ప్రశ్నలో 'ప్రయాణించిన దూరం', 'స్థానభ్రంశం', 'నేల నుంచి ఎత్తు' అనే మాటల కింద ముందు గీత గీయమనండి. ఆ తర్వాత దారి బొమ్మ. ఎంత వంకరగా గీసినా పర్వాలేదు. ఆ తర్వాతే సూత్రం. మొదట్లో టైము ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి. మీరు చేయాల్సింది పక్కన కూర్చుని 'మరి ఇక్కడ ఇది ఎటు తిరిగింది?' అని తెలియనట్టు అడగడం. మీకు నిజంగా తెలియకపోతే ఇంకా మంచిది.

వచ్చే వారానికి పాపకు ఒక లెక్క ఇస్తున్నాను. ఇదే బంతిని ఈసారి సెకనుకు 25 మీటర్ల వేగంతో పైకి విసిరాం. 4 సెకన్లలో అది ప్రయాణించిన దూరం ఎంత, అప్పటికి అది ఎంత ఎత్తున ఉంది? బంతి తిరిగేది సెకను మధ్యలో, జాగ్రత్త. జవాబు నేను రాయను. గోడ మీద గీతలు గీసి, ఫొటో తీసి పంపమనండి. సున్నం వేసిన గోడైతే ముందు వాళ్ల నాన్నను అడిగి గీయమనండి.